మర్యాదగా జారిన మోటారు

టీం వర్కు నేర్చుకోండని మా వాళ్లను కామారెడ్డి దాకా పిలిపించిన పుణ్యాత్ముడి బోరు ఎండిపోను! ఆ ఒక్క పూట చదువు వల్ల నేను పడ్డ తిప్పలు పగవాళ్లకు కూడా వద్దు.

ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర మాది మోటారు వైండింగ్ షాపు. కాలిపోయిన మోటార్లకు మా ఆయన రాగి తీగ చుడతాడు. ఫోన్లు ఎత్తడం, రైతులకు సర్దిచెప్పడం, అవసరమైతే నాలుగు వాయించడం నా పని. "సుధారాణి నోరు మంచిది కాదు" అని మా అత్త పెళ్లయిన కొత్తలోనే తేల్చేసింది. ఆ నోటి మీదే షాపు నడుస్తోందని ఆమెకు ఎవరు చెప్పాలి?

అయితే బోరులో కాలిన మోటారు దానంతట అది నడిచి షాపుకు రాదు కదా. పైపు తర్వాత పైపు విప్పుతూ దాన్ని పైకి గుంజాలి, బాగయ్యాక మళ్లీ దింపాలి. ఆ పనికి మా దగ్గర ఒక ముఠా ఉంది. నలుగురు. అందరికంటే పెద్దవాడు రాజలింగన్న. బోరు మూతి దగ్గర కూర్చుని పైపు జారకుండా క్లాంపు బిగించేది ఆయనే. ఎదురుగా నిలబడి పానాతో పైపులు విప్పేది జోయల్, మా చర్చివాడే, నన్ను అక్క అంటాడు. స్టాండుకు వేలాడే చైన్ గుంజేది యాకూబు. విప్పిన పైపును భుజాన వేసుకుని పక్కన పెట్టేది చక్రధర్. ఇంటర్ తప్పి, ఈ మధ్యే పెళ్లి చేసుకుని, చొక్కా ఇస్త్రీ మడత నలగకుండా పైపులు మోయగల మొనగాడు.

వీళ్ల పని చూస్తే కొత్తవాళ్లు కొట్లాట అనుకుని విడిపించడానికి వస్తారు. అన్నీ తిట్లే.

"ఓ ముసలోడా, బిగించినవా, నిద్రవోయినవా?" అంటాడు జోయల్.

"మీ తాత పెండ్లప్పుడే బిగించిన. నువ్వు ఇప్పు ముందు" అంటాడు రాజలింగన్న.

"యాకూబు మామా, చైన్ గుంజుతున్నవా, గడ్డం దువ్వుకుంటున్నవా?"

"నీ అసుంటోన్ని గుంజుమంటే గుంజుత. గిది మోటారు, దీనికి ఇజ్జతున్నది" అంటాడు యాకూబు.

చక్రధర్ ఫోను మోగితే ఇక పండగే. "లే బిడ్డా, పెండ్లాం పిలుస్తున్నది, పైపు మేం మోస్తం" అని ముగ్గురూ ఒకేసారి ఎత్తుకుంటారు. ఎవరూ ఎవరికీ ఇది చెయ్యి అని చెప్పరు. తిట్టు ఎటు పోతే చెయ్యి అటు పోతుంది. సూర్యుడు నెత్తి మీదికి రాకముందే మోటారు పైకి వస్తుంది, నలుగురూ ఒకే గిన్నె ముందు కూర్చుని, ఒకరి కూరను ఒకరు వెక్కిరిస్తూ తింటారు.

ఇంత సుఖంగా ఉన్నవాళ్ల మీద గంగధార పంపుసెట్ల డీలర్ కన్ను పడింది. కామారెడ్డి బైపాసు మీద ఒక ఫంక్షన్ హాల్లో మెకానిక్కులకు మీటింగు పెట్టాడు. టీషర్టు, సంచి, చికెన్ బిర్యానీ. బీర్కూర్ నుంచి, బాన్సువాడ నుంచి, బిచ్కుంద నుంచి ముఠాలన్నీ దిగాయి. షాపు తరఫున నేనూ వెళ్లాను, బిర్యానీ కోసం కాదని చెబితే అబద్ధమే.

భోజనానికి ముందు ఒక క్లాసు అన్నారు. అభిలాష్ అని ట్రైనరు, ఆ ఎండలో కోటు వేసుకుని వచ్చాడు. తెర మీద ఒక మెట్ల బొమ్మ వేశాడు. మనిషి అవసరాలు అయిదు మెట్లట. మొదటిది ఆకలి, రెండోది భద్రత, మూడోది నలుగురిలో కలవడం, నాలుగోది గౌరవం, అయిదోది తానేమిటో తాను తెలుసుకోవడం. టీంగా పనిచేస్తే అన్ని అవసరాలూ తీరి, పని మీద ఉత్సాహం ఎప్పటికీ తగ్గదట. చెప్పింది మంచి మాటే. కానీ మొదటి మెట్టు ఆకలి అన్న పెద్దమనిషి, అయిదో మెట్టు అయిపోయేదాకా అన్నం పెట్టనివ్వలేదు. వెనక నుంచి బిచ్కుంద ఆయన ఒకడు "జేవణ్ కధీ?" అని మరాఠీలో కేక వేశాడు. భోజనం ఎప్పుడని. అభిలాష్ సార్ అదేదో మెచ్చుకోలు అనుకుని దండం పెట్టాడు.

తర్వాత ముఠాలను ఒక్కొక్కటిగా లేపాడు. మా వాళ్ల వంతు వచ్చింది.

"మీ టీం లీడర్ ఎవరండీ?"

నలుగురూ మొహాలు చూసుకున్నారు. పుట్టినప్పటి నుంచి వీళ్లను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. జోయల్ రాజలింగన్నను చూపించి, "గీ ముసలోడే సార్. సచ్చేదాక వదలడు" అన్నాడు. హాలంతా నవ్వింది. రాజలింగన్న అందరికంటే ఎక్కువ నవ్వాడు. అభిలాష్ సార్ మాత్రం మొహం మాడ్చుకున్నాడు.

"సీనియర్ పర్సన్‌ను అలా అనకూడదండీ. ఇదే మీ టీంలో ఉన్న లోపం. ముందు మెచ్చుకోవాలి, తర్వాత మాట్లాడాలి. పనిలో తిట్లు పూర్తిగా బంద్!"

చక్రధర్ చటుక్కున "యెస్ సార్" అన్నాడు. ఇంగ్లీషు, పైగా ఇస్త్రీ చొక్కా. అక్కడికక్కడే లీడర్ బ్యాడ్జి అతని గుండె మీద మెరిసింది. చేతిలో సంచి జాగ్రత్తగా మడిచిపెట్టుకున్నందుకు యాకూబు ప్లానర్ అయ్యాడు. నెరిసిన జుట్టు చూసి రాజలింగన్నను మోటివేటర్ చేశారు. మిగిలిన జోయల్‌కు మిగిలిన బ్యాడ్జి ఇచ్చారు, సపోర్టర్. సీజన్ అయ్యేలోగా ఈ పద్ధతిలో పనిచేసి వీడియోలు పంపిన ఉత్తమ టీంకు బహుమతి గోవా యాత్ర. ఎవరికి? లీడర్‌కు, భార్యతో సహా! నలుగురు కలిసి మోసినందుకు ఒక్కడు గోవా పోవాలట. ఇంత గొప్ప ఆలోచన కోటు వేసుకుంటే తప్ప రాదు.

తిరుగు బస్సులో లింగంపేట దాటేదాకా నలుగురూ ఎవరి బ్యాడ్జి వాళ్లు తడుముకుంటూ కూర్చున్నారు. అప్పుడే నా కుడికన్ను అదిరింది.

మర్నాటి నుంచి తమాషా మొదలైంది. బ్యాడ్జీలు పెట్టుకుని పనికి పోయారు. చక్రధర్ లీడర్ కనుక పైపు మోయడు, ఫోనులో వీడియో తీస్తాడు. యాకూబు ప్లానర్ కనుక చెట్టు కింద కూర్చుని ప్లాన్ చేస్తాడు. రాజలింగన్న మోటివేటర్ కనుక చప్పట్లు కొట్టాలి. ఇక చైన్ గుంజేది, క్లాంపు బిగించేది, పైపు విప్పేది, మోసేది సపోర్టరు. అందరూ అందలమెక్కితే మోసేవాళ్లెవరని ఊరికే అన్నారా మనవాళ్లు! ఒక పూట పని రెండు రోజులకు పాకింది. రైతులు నాకు ఫోన్లు చేసి, నా నోటినే మించిపోయారు.

వారం తిరక్కముందే జోయల్ పనికి రావడం మానేశాడు. మా షాపు ముందు చాయ్ బల్ల మీద ముగ్గురు మూడు మూలలు చూస్తూ కూర్చునేవాళ్లు. "చాయ్ చాలా బాగుంది చక్రధర్ గారూ" అని యాకూబు, "థాంక్యూ యాకూబు గారూ" అని చక్రధర్. వినలేక నేను షాపు లోపలికి పోయేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున లింగవ్వ వచ్చింది. మా ఊరి పక్క ఊరే, నాకు అక్క వరస. మొగుడు దుబాయిలో. ఉన్న రెండెకరాలు ఒక్కతే చేసుకుంటుంది. ఆ మనిషి చెప్పులు కూడా లేకుండా వచ్చిందంటే ఏదో కొంప మునిగిందని నాకు అప్పుడే అర్థమైంది.

"సుధా, మోటారు కాలిపోయింది. వరి పొట్ట మీదున్నదే. మూడు నాలుగొద్దులల్ల నీళ్లు వెట్టకుంటె గింజ వట్టదు, అంత తాలే. ఆయన ఆడ ఎండల మాడి పంపిస్తున్నడు, నేనీడ ఏం జెప్పాలె?"

"ఏరే వాళ్లను పిలిచినవా అక్కా?"

"ఇద్దర్ని తెచ్చిన. బోరు పాతది, లోపట వంకరున్నది, తాడు గూడ మురిగింది, జారితే మోటారు పాతాళానికే అని దండం వెట్టి పోయిండ్రు. అప్పుడు దింపింది మీ రాజలింగన్న వాళ్లే. నువ్వే జెప్పాలె."

మోటారు జారి బోరులో పడితే ఆ బోరు చచ్చినట్టే. బోరు చస్తే ఆ రెండెకరాలూ అంతే. లింగవ్వ కళ్లలో నీళ్లు లేవు, అది చూసే నాకు భయమేసింది.

బల్ల మీద ఉన్న ముగ్గురి వైపు తిరిగాను. "విన్నరు కదా. లేవుండ్రి."

"జోయల్ లేకుంట ఎట్ల అక్కా? సపోర్టర్ పోస్టు ఖాళీ ఉన్నది" అన్నాడు చక్రధర్.

"నీ పోస్టుల మన్నువడ! గా బ్యాడ్జి ఇంకోసారి నా కండ్లవడ్డదనుకో, మోటార్ల వెట్టి తీగ చుట్టిస్త" అన్నాను. ఇక జోయల్ ఇంటికి నేనే బయల్దేరాను.

జోయల్ గడప మీద కూర్చుని కోళ్లను చూస్తున్నాడు. గడ్డం పెరిగింది. విషయం చెప్పాను.

"నేనేం తక్కువ జేసిన అక్కా? ఒక్క ముక్క చెప్పు. సపోర్టరట! చర్చిల పోరగాండ్లు గూడ సపోర్టరన్నా అని పిలుస్తున్నరు" అన్నాడు. మళ్లీ తనే గొంతు తగ్గించి, "ఇంట్ల కూసుంటే ఎవ్వడు తిడ్తలేడు అక్కా. బత్కున్ననో సచ్చిననో తెలుస్తలేదు" అన్నాడు.

"లింగవ్వ కోసమన్న రా తమ్మీ" అన్నాను.

"వస్త. కని మర్యాదగనే ఉంట. వాళ్లు నేర్సుకున్న చదువు నేను గూడ నేర్సుకున్న."

ఆ మాటకు అర్థం బోరు దగ్గర తెలిసింది. నేనూ వాళ్లతో వెళ్లాను, కొట్టుకుంటే విడిపించడానికి. స్టాండు నిలబెట్టారు, చైన్ తగిలించారు. క్లాంపు దగ్గరికి జోయల్ వంగబోతే రాజలింగన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇగ చప్పట్లు నాతోని గాదు. క్లాంపు నాది. ఎవ్వడన్న ముట్టిండ్రా, ఊకోను."

"అలాగే రాజలింగు గారూ. మీ ఇష్టం. చాలా సంతోషం" అన్నాడు జోయల్, చేతులు కట్టుకుని. రాజలింగన్న మొహం చూడాలి, చెంప మీద కొట్టినా అంత బాధపడేవాడు కాదు.

పని మొదలైంది. అంత నిశ్శబ్దంగా మోటారు లేపడం నేనెప్పుడూ చూడలేదు. యాకూబు చైన్ గుంజుతూ, "మీరు సిద్ధమేనా జోయల్ గారూ?" "సిద్ధమే యాకూబు గారూ." చక్రధర్ ఒక చేత్తో పైపు, ఒక చేత్తో ఫోను పట్టుకుని, "ఫ్రెండ్స్, మా టీం ఎంత క్రమశిక్షణతో..." అని వీడియోకు చెబుతున్నాడు. లింగవ్వ గట్టు మీద నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక పైపు వచ్చింది. ఇంకోటి వచ్చింది. వంకర దగ్గరికి వచ్చాక బరువు పెరిగింది. రాజలింగన్న వంగి క్లాంపు బోల్టులు బిగించాడు, మెడ నరాలు ఉబ్బేలా బిగించాడు. తలెత్తి జోయల్ వైపు చూశాడు. ఏదో మాట కోసం చూసినట్టే ఉంది ఆ చూపు.

"సూపర్ రాజలింగు గారూ. చాలా బాగా బిగించారు" అన్నాడు జోయల్.

పై పైపు విప్పడానికి యాకూబు చైన్ వదులు చేశాడు. క్లాంపులోంచి పైపు సర్రున జారింది.

లింగవ్వ కెవ్వుమంది. పైపు కళ్ల ముందే బోరులోకి దిగిపోతోంది. జోయల్ పానాను పైపుకు అడ్డంగా వేసి, దాని మీద ఒళ్లంతా పడేశాడు. రాజలింగన్న రెండు చేతులతో పైపును కావలించుకున్నాడు. చక్రధర్ ఫోను వదిలేసి వాళ్ల మీద పడ్డాడు. ఆ ఫోను అంచుకు తగిలి, గోవా యాత్రతో సహా బోరులోకి దిగిపోయింది. పైపు ఆగింది.

"ముసలోడా! నీ చేతులు కాలవడ, పట్టు లేదని తెల్సి ఎందుకు ముట్టినవ్ రా! యాకూబు మామా, గుంజు, ఏం జూస్తున్నవ్, నీ గడ్డం తగలవెట్ట! అరేయ్ లీడరూ, నీ పెండ్లాం మీద ఒట్టు, పైపు ఇడిసినవనుకో నిన్ను లోపట వేస్త!"

జోయల్ గొంతు పొలాలన్నీ దాటి వినిపించింది. ఆ తిట్లతో పాటే చైన్ బిగుసుకుంది, క్లాంపు మళ్లీ పడింది, జోయల్ వంగి బోల్టులకు తన పానాతో ఇంకో గట్టి చుట్టు తిప్పాడు. మోటారు బోరులోనే వేలాడుతూ నిలిచింది.

నలుగురూ నేల మీద కూలబడి రొప్పుతున్నారు. రాజలింగన్న తన చేతుల్ని చూసుకుంటున్నాడు.

"పట్టు పోయి ఏడాది దాటింది సుధమ్మా" అన్నాడు, నా వైపు చూడకుండా. "నేను బిగించినంక గీ జోయల్ గాడు నన్ను తిట్టుకుంట వంగి, ఇంకో చుట్టు తిప్పుతడు. తిట్ల సప్పుడుల ఎవ్వలకు తెల్వది. నాకు గూడ తెల్వదనుకున్నడు."

"నీకు తెల్సని నాకు తెల్సు తియ్" అన్నాడు జోయల్.

"మాకు గూడ తెల్సు" అన్నాడు యాకూబు. "అందుకే నువ్వు తిట్టుడు ఆపేదాక చైన్ వదులు చెయ్య. ఇయ్యాల సూపర్ అన్నవు కదా అని ఇడిసిన. నాదే తప్పు."

నాకు మాట రాలేదు. నాకు! ఇన్నేళ్లుగా ఆ తిట్లు విని నేను నవ్వాను, ముసలాయన పరువు కాపాడడానికి వేసిన చాటు అది అని ఒక్కసారి కూడా తోచలేదు. అయిదు మెట్ల బొమ్మలో ఈ మెట్టు ఎక్కడుందో అభిలాష్ సార్ వచ్చి చూపించాలి. జోయల్ మీద కోపం కూడా వచ్చింది. అలిగినవాడు అలగాలి గాని, ఆ ఒక్క చుట్టు తిప్పి అలగకూడదా! ఆ మాటే అనబోయాను. వాడి కళ్లు చూసి ఊరుకున్నాను.

లింగవ్వ ఊరుకోలేదు. "మీ ఏడ్పులు తర్వాత ఏడ్వుండ్రి బాపూ! ముందుగాల నా మోటారు దియ్యుండ్రి, పొట్ట మీదున్నది వరి!" అని కసిరింది. నలుగురూ ఒక్కసారి లేచారు. ఆ తర్వాత ఎగిరిన తిట్లు నేనిక్కడ రాయలేను, మా అత్త చదువుతుంది. మోటారు మాత్రం బువ్వ వేళకు బయటికొచ్చింది.

మా ఆయన రాత్రీపగలూ కూర్చుని తీగ చుట్టాడు. మూడో రోజు దింపారు. లింగవ్వ స్టార్టరు బటన్ నొక్కి, దాని ముందు చేతులు జోడించి నిలబడింది. పైపు ముందు గాలి కక్కింది, తర్వాత ఎర్ర నీళ్లు, తర్వాత తెల్లటి నీళ్లు ధారగా పడ్డాయి. కాలువ వెంట నీళ్లు వరి మొదళ్లకు పోతుంటే లింగవ్వ వాటి పక్కనే నడిచింది, కూతుర్ని అత్తారింటికి సాగనంపినట్టు. అప్పుడు ఏడ్చింది, కరువుదీరా.

రాజలింగన్న పానాలన్నీ తుడిచి సంచిలో వేశాడు. క్లాంపు తీసి జోయల్ చేతిలో పెట్టాడు.

"ఇగ నువ్వే బిగించు. నాతోని గాదు. రేపటిసంది నేను రాను."

యాకూబు చైన్ చుడుతూ ఆగిపోయాడు. చక్రధర్ తల దించుకున్నాడు. జోయల్ క్లాంపును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రాకుంటే నేనెవన్ని తిట్టాలె? పైపును తిట్టాల్నా?" అన్నాడు. మళ్లీ తనే ఇంకా గట్టిగా అరిచాడు. "పొద్దుగాల ఏడు గొట్టంగ బల్ల మీదుండాలె. లేకుంటే ఇంటికొచ్చి, నీ కోడండ్ల ముంగట తిడ్త!"

రాజలింగన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఏడుకా? ముసలోన్నిరా, సిగ్గులేనోడా. ఎనిమిదికొస్త."